డీఎన్‌ఏని కోసింది ఎవరు: పీహెచ్‌డీలో చేరిన అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

చి. శిరీషకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ మెయిల్ చదివాను. టాపిక్ ఖరారైందని, మైకోప్లాస్మా గాలిసెప్టికమ్ అనే బ్యాక్టీరియా పొరలో ఉండే న్యూక్లియేజ్ (డీఎన్‌ఏని కోసే ఎంజైమ్) మీద పని చెయ్యమన్నారని రాశావు. మన గోదావరి జిల్లాల్లో లేయర్ ఫారాలు పెట్టిన వాళ్ళకి ఆ పేరు తెలియకపోయినా సీఆర్‌డీ (కోళ్ళకి వచ్చే మొండి శ్వాస జబ్బు) అంటే తెలుస్తుంది. కోళ్ళు రాత్రిపూట గురగురమంటూ ఊపిరి తీస్తాయి, గుడ్లు తగ్గుతాయి. అది ఈ బ్యాక్టీరియా పనే. కాబట్టి టాపిక్ గురించి దిగులొద్దు. "ఒక్క ఎంజైమ్ మీద నాలుగేళ్ళు ఏం చేస్తాం పెద్దమ్మా" అని అడిగావే, దానికి మాత్రం కాస్త పొడుగ్గానే జవాబు చెప్పాలి.

డీఎన్‌ఏ కోసుకుపోయిందని చూపించడానికి ఒక పూట చాలు. కోసింది నీ బ్యాక్టీరియా పొరలో ఉన్న ఫలానా ప్రోటీనే అని నిలబెట్టడానికి మిగతా కాలమంతా పడుతుంది. న్యూక్లియేజ్ అనే కత్తి లోకంలో ప్రతి చేతిలోనూ ఉంది. నీ ఉమ్ములో ఉంటుంది, సరిగ్గా ఆటోక్లేవ్ చెయ్యని నీళ్ళలో ఉంటుంది, అన్నిటికంటే ఎక్కువగా నువ్వు మైకోప్లాస్మాకి మేతగా పోసే సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో, ఉంటుంది. ముక్కల్ని పొడుగుని బట్టి విడదీసే జెల్ మీద డీఎన్‌ఏ మాయమైన ప్రతిసారీ "ఇది ఎవరి పని?" అని అడగడం నీకు అలవాటు కావాలి. ఈ ఉత్తరంలో నేను చెప్పేదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

జీవి సంగతి కొంత నీకు తెలిసే ఉంటుంది. 1898లో ఫ్రాన్సులో నోకార్, రూ కలిసి పశువుల ఊపిరితిత్తుల జబ్బు నుంచి ఈ జాతిలో మొదటిదాన్ని పెంచారు. బ్యాక్టీరియాని ఆపే ఫిల్టర్లలోంచి కూడా దాటిపోయేది కాబట్టి ఇది వైరస్సా, బ్యాక్టీరియానా అన్న తకరారు చాలాకాలం నడిచింది. దీనికి కణకుడ్యం లేదు, లోపలికీ బయటికీ మధ్య ఉన్నది ఒక్క పొరే. 1995లో మైకోప్లాస్మా జెనిటాలియం జీనోమ్ మొత్తం చదివితే 5,80,070 బేసులే తేలాయి. ఈ.కోలైకి దాదాపు 46 లక్షలు ఉంటాయి. అంతగా కుదించుకునే క్రమంలో ప్యూరీన్లని, పిరిమిడీన్లని సొంతంగా తయారుచేసుకునే దారులు కూడా పోయాయి. తన డీఎన్‌ఏ కట్టుకోవడానికి కావలసిన ముక్కలు ఆతిథేయి ఇంటినుంచే రావాలి. ముక్కు, శ్వాసనాళం గోడల మీద చచ్చిన కణాల డీఎన్‌ఏకి కొదవ లేదు గానీ, అంత పొడుగు పోగు అలాగే లోపలికి పోదు. అందుకే పొరలో నాటుకుని బయటికి మొహం పెట్టిన న్యూక్లియేజ్ అవసరమైంది. పందుల్లో ఉండే మైకోప్లాస్మా హయోన్యూమోనియేలో ఎంహెచ్‌పీ379 అనే ఇలాంటి ఎంజైమ్ జీను, ఏబీసీ ట్రాన్స్‌పోర్టర్ జీన్ల వరసలోనే ఉంది. కోసేదీ, లోపలికి లాగేదీ పక్కపక్కనే ఉన్నాయన్నమాట.

తిండి ఒక్కటే కాదు. 2004లో బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ వాళ్ళు న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు తమ డీఎన్‌ఏనే బయటికి విసిరి సూక్ష్మజీవుల్ని పట్టుకుంటాయని చూపించారు. ఆ ఉచ్చుల్ని నెట్స్ అంటున్నాం. పశువుల మైకోప్లాస్మా బోవిస్ తన పొరలోని ఎంఎన్‌యూఏ న్యూక్లియేజ్‌తో ఆ ఉచ్చుని తెంపుకుంటుందని, ఆ జీను పోయిన మ్యూటెంట్‌కి ఆ పని చేతకాదని తర్వాత తేలింది. ఒక చిక్కు చెప్తాను, గుర్తుపెట్టుకో. కోడికి మనలాంటి న్యూట్రోఫిల్స్ ఉండవు, వాటి స్థానంలో హెటెరోఫిల్స్ ఉంటాయి. ఆవు సంగతిని అలాగే తెచ్చి కోడికి అంటగట్టి సినాప్సిస్‌లో రాయకు. డాక్టరల్ కమిటీలో పౌల్ట్రీ తెలిసినవాళ్ళు ఒక్కరున్నా అక్కడే పట్టుకుంటారు.

ఇక పనిలోకి దిగుదాం. ఫ్రే మీడియం అనే పెంపకపు ద్రవంలో పెంచుతావు కదా, అందులో పంది సీరం పడుతుంది. సీరం లేకపోతే ఇవి పెరగవు, కొలెస్టరాల్ కూడా అడుక్కుతినే జాతి. క్షీరదాల సీరంలో డీఎన్‌ఏస్-1 అనే వేరే న్యూక్లియేజ్ సహజంగానే ఉంటుంది. "56 డిగ్రీల దగ్గర అరగంట పెట్టాం, ఇనాక్టివేట్ అయింది" అని ల్యాబులో ఎవరో ఒకరు చెప్తారు. ఆ వేడికి చచ్చేది కాంప్లిమెంట్ (రక్తంలోని రక్షణ ప్రోటీన్లు), డీఎన్‌ఏస్ చాలావరకు బతికే ఉంటుంది. నెట్స్ మీద పనిచేసేవాళ్ళు ఈ బాధ పడలేకే సీరాన్ని 70 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. నీకు ఆ వీలు లేదు, అంత వేడిచేసిన సీరంలో నీ బ్యాక్టీరియా ఎలా పెరుగుతుందో చెప్పలేం. నువ్వు చెయ్యాల్సింది వేరే. బ్యాక్టీరియా వెయ్యని ఖాళీ మీడియాన్ని అదే ఇంక్యుబేటర్లో, అన్ని గంటలూ పెట్టి, అదే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అన్నే సార్లు కడిగి, చివరిదాకా కల్చర్‌తో పాటే నడిపించు. పెల్లెట్ (అడుగున చేరే ముద్ద) కనపడకపోయినా ట్యూబు అడుగు నుంచి తీసినదాన్ని ప్రతి జెల్ మీదా ఒక లేన్‌లో (గాడిలో) వెయ్యి. ఈ ఒక్క లేన్ లేని జెల్ ఫొటో ఎంత అందంగా ఉన్నా నీ గైడు గారికి కూడా చూపించకు.

కడగడం దగ్గర రెండు మాటలు. చాలా ల్యాబుల్లో చేతికందేది పీబీఎస్ అనే ఫాస్ఫేట్ ఉప్పునీళ్ళు, దానితోనే కడిగేస్తారు. నీ ఎంజైమ్ కాల్షియం అడిగే రకం. ఫాస్ఫేట్ మిగిలిన ట్యూబులో కాల్షియం క్లోరైడ్ పోస్తే రెండూ కలిసి తెల్లగా అవక్షేపం పడుతుంది, ఎంజైమ్‌కి కాల్షియం దక్కదు. అప్పుడు "యాక్టివిటీ లేదు" అని నోట్‌బుక్కులో ఎక్కుతుంది. ట్రిస్-సెలైన్‌తో కడుగు. డిస్టిల్డ్ వాటర్ దగ్గరికి రానివ్వకు, కణకుడ్యం లేని కణాలు అందులో ఉబ్బి పగులుతాయి. పగిలాక లోపలి న్యూక్లియేజులన్నీ బయటపడతాయి, పొరదేదో లోపలిదేదో ఎవడూ చెప్పలేడు. సమయం కూడా చూసుకో. మీడియం ఎరుపు నుంచి నారింజకి తిరుగుతుండగానే తీసెయ్యి. పసుపు పచ్చ అయ్యేదాకా ఉంచితే ఆమ్లానికి కణాలు చచ్చి పగలడం మొదలెడతాయి.

మీ మీడియంలో థాలియం ఎసిటేట్ ఉందంటే ఆ సీసాని గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు. అది ఎలకల మందు వంశం.

మొదటి అసలైన ప్రయోగం బతికున్న, పగలని కణాలతో చెయ్యి. కడిగిన కణాల్ని ట్రిస్ బఫర్లో తేల్చి, పగలకుండా సుక్రోజ్ వేసి, ఐస్ మీద ఉంచు. అందులో లాంబ్డా అనే వైరస్ డీఎన్‌ఏ వెయ్యి. 48,502 బేస్ జతల పొడుగు కాబట్టి కొద్ది చోట్ల తెగినా తేడా కనపడుతుంది. కాల్షియం క్లోరైడ్ వేసి 37 డిగ్రీల బాత్‌లో పెట్టగానే గడియారం చూడు. వెంటనే ఒకటి, అయిదు నిమిషాలకి ఒకటి, పావుగంటకి ఒకటి, అరగంటకి ఒకటి తీసి, లోహపు అయాన్లని కట్టేసి ఎంజైమ్‌ని ఆపే ఈడీటీఏ ముందే పోసి ఉంచిన ట్యూబుల్లోకి మార్చు. అగరోజ్ జెల్ మీద నడిపితే సున్నా నిమిషాల లేన్‌లో పైన బిగుతైన బ్యాండ్ ఉంటుంది. అయిదుకి దాని కింద పొగలా సాగుతుంది. పావుగంటకి ఆ పొగ కిందికి దిగుతుంది. అరగంటకి డై ముందు మసకగా ఏదో ఉందా లేదా అన్నట్టుంటుంది. ఈ వరస చూస్తే నీకు ముచ్చటేస్తుంది. సున్నా లేన్‌లోనే పొగ కనిపించిందంటే మాత్రం ఈడీటీఏ చాల్లేదు, లేదా నువ్వు ట్యూబు మార్చడంలో ఆలస్యం చేశావు.

ఇక్కడే నీ ప్రశ్న మళ్ళీ అడగాలి. కోసింది సీరం డీఎన్‌ఏస్-1 కాదని ఏం గ్యారంటీ? గాలిసెప్టికమ్‌లో ఎంజీఏ_0676 అనే జీను స్టాఫ్ (స్టాఫైలోకోకస్ బ్యాక్టీరియా) న్యూక్లియేజ్ కుటుంబానిదని తెలుసు కదా. ఈ రెండు కుటుంబాల నడవడి వేరు, దాన్నే వాడుకో. స్టాఫ్ న్యూక్లియేజ్ రకానికి కాల్షియమే కావాలి, మెగ్నీషియం ఇస్తే పలకదు. డీఎన్‌ఏస్-1 మెగ్నీషియం ఒక్కటే ఉన్నా, తగ్గినా, కొంతవరకు పనిచేస్తుంది. కాబట్టి ఒక ట్యూబులో ఈజీటీఏతో కాల్షియాన్ని కట్టేసి, పైన మెగ్నీషియం ఇచ్చి చూడు, అప్పుడూ డీఎన్‌ఏ తెగితే అనుమానం డీఎన్‌ఏస్-1 మీదే. ఇంకోటి, స్టాఫ్ రకం ఆర్‌ఎన్‌ఏని కూడా తింటుంది, డీఎన్‌ఏస్-1 ముట్టదు. అయితే సీరంలో ఆర్‌ఎన్‌ఏస్ కూడా ఉంటుంది కదా అంటావు. ఆర్‌ఎన్‌ఏస్-ఏకి లోహపు అయాన్లు అక్కర్లేదు, ఈజీటీఏ ట్యూబులో కూడా ఆర్‌ఎన్‌ఏ పోతే అది దాని పనే. మూడోది నాకు బాగా ఇష్టమైనది: జీ-ఆక్టిన్ అనే ప్రోటీన్. డీఎన్‌ఏస్-1ని ఆక్టిన్ గట్టిగా పట్టేసుకుని ఆపేస్తుంది, స్టాఫ్ రకాన్ని ఏమీ చెయ్యదు. ఆక్టిన్ కాస్త ఖరీదే, కానీ రివ్యూయర్ నోరు మూయించడానికి అంతకంటే చవకైన మార్గం లేదు.

మరగబెట్టిన కంట్రోల్ గురించి జాగ్రత్త. అందరూ నెగటివ్ కంట్రోల్‌కి శాంపిల్‌ని పది నిమిషాలు మరగబెట్టి "హీట్ కిల్డ్" అని రాసేస్తారు. స్టాఫైలోకోకస్ న్యూక్లియేజ్ మరిగాక కూడా చల్లారగానే మడత సరిచేసుకుని పనిలోకి దిగుతుంది. ఆహారంలో స్టాఫ్ ఆరియస్ ఆనవాలు పట్టే థర్మోన్యూక్లియేజ్ పరీక్ష నడిచేదే ఆ గుణం మీద. నీ ఎంజైమ్ అదే కుటుంబం కనక మరగబెట్టిన ట్యూబులో డీఎన్‌ఏ పోయిందని కంగారుపడి రియేజెంట్లన్నీ పారబొయ్యకు. అది కంటామినేషన్ కాకపోవచ్చు, అదే ఒక రిజల్ట్ కావచ్చు. నెగటివ్‌గా ఈజీటీఏని, ఖాళీ మీడియాన్ని నమ్ముకో.

ఎంజైమ్ పొరలోనే ఉందా, కల్చర్ లోకి వదిలేస్తుందా అన్నది ఇంకో పేచీ. సూపర్నేటెంట్‌ని (పైన తేరిన ద్రవాన్ని) 0.22 మైక్రాన్ ఫిల్టర్లో వడకట్టి "కణాలు లేవు, కాబట్టి స్రవించిందే" అంటారు. మైకోప్లాస్మా ఆ రంధ్రాల్లోంచి కూడా దూరిపోగలదు. వడకట్టినదాన్ని ప్లేటు మీద వేసి, కాలనీలు రాలేదని చూశాకే ఆ వాక్యం రాయి. పొరని వేరుచేసేటప్పుడు కణాల్ని పగలగొట్టి లక్ష జీ దగ్గర గంట తిప్పుతావు, పెల్లెట్ పొర, పైది సైటోప్లాజమ్. ఆ మాట నిజమేనని చూపించడానికి మార్కర్ ఎంజైములు కావాలి. పొరకి ఏటీపీఏస్ చూడు, సైటోప్లాజమ్‌కి ఎన్‌ఏడీహెచ్ ఆక్సిడేస్ చూడు. పాత పుస్తకాల్లో ఈ ఆక్సిడేస్‌ని పొర మార్కర్ అని రాసినచోట తడబడకు, అది ఆకోలెప్లాస్మా సంగతి. మైకోప్లాస్మాల్లో అది సైటోప్లాజంలో ఉంటుంది. జెరూసలేంలో షముయేల్ రాజిన్ బృందం ఈ పొరల మీద ఏళ్ళ తరబడి చేసిన పని చదువు, ఇప్పటికీ దానికి సాటి లేదు.

ట్రైటాన్ ఎక్స్-114 అనే డిటర్జెంట్‌తో ఒకసారి చేసి చూడు, నచ్చుతుంది. ఐస్ మీద ఒకటే ద్రవం. 37 డిగ్రీలకి తేగానే పాలలా తెల్లబడి, తిప్పితే అడుగున నూనెలాంటి చుక్క చేరుతుంది. లైపోప్రోటీన్లు (కొవ్వు తోకతో పొరకి అతుక్కునేవి) ఆ అడుగు చుక్కలోకి పోతాయి, నీళ్ళలో కరిగేవి పైన ఉంటాయి. సీరం డీఎన్‌ఏస్-1 పైన తేలాలి, నీది కింద ఉండాలి. ఇక బయటికి మొహం పెట్టి ఉందని చూపించాలంటే పగలని కణాల మీద ప్రోటీన్లని తెగ్గొట్టే ట్రిప్సిన్ కొద్దిసేపు పెట్టి, ఆపి, కడిగి, మళ్ళీ లాంబ్డా ఇచ్చి చూడు, కోత తగ్గితే ఎంజైమ్ బయటే ఉన్నట్టు.

జైమోగ్రామ్ (జెల్ లోపలే ఎంజైమ్ పనిని చూసే పరీక్ష) దగ్గర ఓపిక పట్టాలి. ఎస్‌డీఎస్ (ప్రోటీన్ల మడత విప్పే డిటర్జెంట్) జెల్ పొయ్యేటప్పుడే డీఎన్‌ఏ కలుపుతావు, నడిపాక ఎస్‌డీఎస్‌ని కడిగేసి, కాల్షియం ఉన్న బఫర్లో రాత్రంతా ఉంచి, డీఎన్‌ఏని మెరిపించే ఎథిడియం బ్రోమైడ్ రంగు పెడితే మెరిసే జెల్‌లో నల్లటి బ్యాండ్లు కనపడతాయి. న్యూక్లియేజ్ ఉన్నచోట డీఎన్‌ఏ పోయిందని అర్థం. 1993లో అమెరికాలోని అయోవాలో మినియన్ బృందం మైకోప్లాస్మా జాతుల్ని వరసగా పరీక్షించి, పొరకి అంటుకున్న న్యూక్లియేజులు చాలావాటిలో ఉన్నాయని చూపించింది ఇలాంటి జెల్స్ మీదే. 1999లో వాళ్ళే మైకోప్లాస్మా పల్మోనిస్‌లో ఎంఎన్‌యూఏ జీనుని పట్టుకున్నారు. నల్ల బ్యాండ్ కనపడలేదంటే ఎంజైమ్ లేదని కాదు, మళ్ళీ మడతపడలేదని కావచ్చు. ఎస్‌డీఎస్ కంపెనీ మారిస్తే బ్యాండ్ వచ్చేసే సందర్భాలున్నాయి. మెర్కాప్టోఇథనాల్ వేసిన శాంపిల్, వెయ్యనిది పక్కపక్కన నడుపు. నల్ల బ్యాండ్ ఖాళీ మీడియం లేన్‌లో కూడా అదే ఎత్తులో ఉందా? ఉంటే అది సీరానిది, దాన్ని నీ ఖాతాలో వేసుకోకు.

జీనుని ఈ.కోలైలో పెట్టాలనుకుంటావు, సహజం. మైకోప్లాస్మాలో యూజీఏ అనే మూడక్షరాల జన్యు సంకేతం అంటే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం, ఈ.కోలైలో ఆగిపొమ్మని అర్థం. జీనుని అలాగే పెడితే సగంలో తెగిన ప్రోటీన్ వస్తుంది. ఈ రోజుల్లో జీనుని మొత్తం సింథసైజ్ చేయించి, అన్ని యూజీఏలని యూజీజీ చేసి తెప్పించుకోవడమే నయం, ఒక్కొక్కటీ మ్యుటేట్ చేస్తూ కూచుంటే ఏడాది పోతుంది. ముందున్న సిగ్నల్ భాగం తీసేసి పెట్టు. కాలనీలు పిచ్చిగా చిన్నవిగా వస్తే, లేదా అసలు రాకపోతే, ప్రోటీన్ లీకై ఆతిథేయి డీఎన్‌ఏనే కోస్తోందని అనుమానించు. ప్లేట్లలో గ్లూకోజ్ వేసి ప్రమోటర్‌ని కట్టడి చెయ్యి. తయారైన ప్రోటీన్‌కి మళ్ళీ అదే పరీక్ష: ఈ.కోలై సొంత న్యూక్లియేజ్ కాదని ఎలా చెప్తావు? కాటలిటిక్ చోట (కోత పని జరిగే చోట) ఒక్క అమైనో ఆమ్లం మార్చిన మ్యూటెంట్‌ని అదే పద్ధతిలో, అదే రోజు శుద్ధి చేసి పక్కన పెట్టు. అది కొయ్యకుండా ఉండి, నీది కోస్తే అప్పుడు మాట్లాడు. ఎండోనా (మధ్యలో కోసేదా) ఎక్సోనా (చివరల నుంచి కొరికేదా) అని అడిగితే సూపర్‌కాయిల్డ్ పీయూసీ19 ఇవ్వు. చివరలు లేని గుండ్రటి డీఎన్‌ఏని ఎక్సోన్యూక్లియేజ్ ముట్టలేదు.

చివరికి కోడి కణాల మీద ఈ ప్రోటీన్ వేసి అపాప్టోసిస్ (కణం తనని తాను చంపుకోవడం) చూపిస్తానని రాశావు. జెల్ మీద నిచ్చెన మెట్లలా బ్యాండ్లు పడే డీఎన్‌ఏ లాడర్ వస్తుంది, ఆ మెట్లు చూసి సంబరపడతావు. ఆగు. కల్చర్ కణాల్లోనే తెలియకుండా మైకోప్లాస్మా హయోరైనిస్ లాంటిది చేరి ఉంటే, చచ్చిన కణాల క్రోమాటిన్‌ని దాని న్యూక్లియేజే న్యూక్లియోసోముల మధ్య కోసి సరిగ్గా అలాంటి మెట్లే వేస్తుంది. అపాప్టోసిస్ అని అనుకున్నవి కొన్ని ఇలా మైకోప్లాస్మా చేతివాటమే కావచ్చని 1996లోనే ఒక జర్మన్ బృందం హెచ్చరించింది. కల్చర్‌లో మైకోప్లాస్మా దూరడం కొత్త కాదు, జాన్స్ హాప్‌కిన్స్‌లో 1956లోనే గుర్తించారు. నువ్వు పైగా అదే ల్యాబులో మైకోప్లాస్మాని పెంచుతున్నావు. కణాల కల్చర్ గది, మైకోప్లాస్మా గది వేరుగా ఉండాలని గైడు గారితో మొదటి నెల్లోనే మాట్లాడు, పెద్దవాళ్ళని అడగడానికి మొహమాటపడకు. కణాల దగ్గరికి ఉదయం వెళ్ళు, మైకోప్లాస్మా దగ్గరికి సాయంత్రం, తిరగెయ్యకు. హోక్స్ట్ స్టెయిన్ వేసి న్యూక్లియస్ బయట చుక్కలు ఉన్నాయా చూడు, పీసీఆర్ కూడా చేయించు. లాడర్ ఒక్కటే సాక్ష్యంగా పెట్టకు, అపాప్టోసిస్‌కి వేరే గుర్తులైన కాస్పేస్ చూడు, అనెక్సిన్ చూడు.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకు. ముందు ఆర్నెల్లు ఖాళీ మీడియం లేన్, పగలని కణాల ప్రయోగం, ఈజీటీఏ ట్యూబు, ఈ మూడూ ఎప్పుడు చేసినా ఒకేలా వచ్చేదాకా చెయ్యి. క్లోనింగ్ గురించి తొందరపెడితే గైడు గారికి ఈ ఉత్తరం చూపించినా నాకేం అభ్యంతరం లేదు.

ఇంకొక్కటి, ఈ రోజే చెయ్యాల్సింది. మీ ఫ్రీజర్లో ఉన్న ఆర్ స్ట్రెయిన్ (గాలిసెప్టికమ్‌లో ఒక రకం) ఎన్నో పాసేజో, అంటే ఎన్నిసార్లు కొత్త మీడియంలోకి మార్చారో, ఎవరినైనా అడుగు. ఆర్-లో, ఆర్-హై రెండూ ఒకే తల్లి బిడ్డలే. 164వ పాసేజ్ దాకా మీడియంలో తిరిగిన ఆర్-హై గ్యాప్‌ఏ లాంటి అతుక్కునే ప్రోటీన్లు పోగొట్టుకుని, కోడిలో జబ్బు చేసే శక్తి కోల్పోయింది. నీ న్యూక్లియేజ్ ఎక్స్‌ప్రెషన్ కూడా పాసేజ్‌తో మారుతుందేమో చూడాల్సిందే. ట్యూబు మీద స్ట్రెయిన్ పేరు, పాసేజ్ నంబరు, తేదీ పెన్సిల్‌తో రాయి, మార్కర్ -80లో చెరిగిపోతుంది. తక్కువ పాసేజ్ స్టాక్ ఒక పాతిక ట్యూబులు చేసి రెండు ఫ్రీజర్లలో పెట్టు. మొదటి జెల్ ఫొటో రాగానే లేన్ల పేర్లతో సహా నాకు పంపు.

మీ అమ్మకి నేను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ